వెనక సీటు కవరు

హుకుంపేట మెకానిక్ ఎజ్రాకి ఆ పాత అంబాసిడర్ దాదాపు ఊరికే దక్కింది. అది చనిపోయిన పాస్టరుగారి కారు. కోతల పండగనాడు గుమ్మడికాయలతో, కోళ్లతో పాటు దాన్ని కూడా చర్చి ముందు వేలం వేశారు. ఎజ్రా పాట పాడగానే మిగతావాళ్లు నోరు మెదపలేదు. ఈ తుప్పుబండి ఇంకెవడికి కావాలిలే అని అతను లోలోపల నవ్వుకున్నాడు.

ఇంటికి తెచ్చి టాపు కోసేశాడు. వెనక సీటు పీకి పారేసి, బాడీని కురచ చేసి, రెండే సీట్లు బిగించాడు. కళ్లు చెదిరే ఎర్రరంగు కొట్టాడు. అరకు రోడ్డు మీద టూరిస్టులు ఫొటోలు దిగుతుంటే మహా పొంగిపోయాడు.

ఆదివారం బండికి ప్రార్థన చేయించుకుందామని చర్చికి తెచ్చాడు. జనం చుట్టూ మూగారు. పాస్టరుగారి భార్య మగ్దలేనమ్మ చంకలో పూలగుడ్డ పెట్టుకుని వచ్చింది.

“ఎనక సీటేదిరా?”

“తీసేసినానమ్మా.”

“అదేటి? అయ్యగారు జబ్బోళ్లని ఆ సీటు మీదే ఆస్పత్రికి దింపేవోరు గదా. నువ్వూ అందుకే పాడినావనుకున్నాం. అందుకే నీ మీద ఎవులూ పాడనేదు.”

ఎజ్రా తల దించుకున్నాడు. ఆమె తిట్టలేదు. చంకలోది వెనక సీటు కోసం తను కుట్టిన కవరు; దాన్ని నాలుగు మడతలు పెట్టి డ్రైవరు సీటు మీద పరిచింది.

“నువ్వైనా మెత్తగా కూకో, నాయినా.”

అతను దాని మీద కూర్చోలేకపోయాడు. అందరూ చూస్తుండగానే ఆ ఎర్రబండిని ఇంటిదాకా తోసుకుంటూ పోయాడు.