గోదాము తాళం

"మూడు పేజీల కోసం ఇంత రాద్ధాంతమా?" అన్నాడు ఎర్మురత్, టీ పోస్తున్న తమ్ముడి భార్య వంక చూడకుండానే. ఆమె రాసిన నవల రాతప్రతి అతని ముందు, వేయించిన రొట్టెల పక్కన తెరిచి ఉంది. "ముప్పైల నాటి ఆ కరువులో మా తాత సర్కారు గోదాము తాళం తీసి ఊరికి గింజలు పంచాడని రాయమ్మా. ఆయన పేరు కూడా వెయ్యి. వచ్చే నెల ఆయన పేరున పెట్టే విందులో మన వంశమంతా చదువుకుంటుంది."

"ఆయన తాళం తియ్యలేదు బావగారూ" అంది కర్లిగా.

కోడలు అత్తింటి పెద్దల పేర్లు పలకకూడదు. ఇరవై ఏళ్ళుగా ఆ తాత పేరు ఆమె నోట రాలేదు. నవల్లోనూ 'గోదాము పెద్దాయన' అనే రాసింది.

"నవలేగా. కల్పించడం నీ పనేగా."

"కల్పించాను. ఆ రోజు మంచు కురిసిందని కల్పించాను. ఆయన గుర్రానికి కుంటికాలు పెట్టాను. తలుపు బయట చచ్చిపోయినవాళ్ళని మాత్రం కల్పించలేదు. సోవియట్లు ఉన్నన్నాళ్ళూ వాళ్ళు రాయనివ్వలేదు. వాళ్ళు పోయి మూడేళ్ళయింది, ఇప్పుడు మీరా?"

"అన్నయ్యతో ఆ మాటలేంటి?" అన్నాడు ఆమె భర్త మెయ్‌రాం.

కర్లిగా బావగారి కప్పు అంచుదాకా నింపింది. సగమే పోస్తే ఇంకాసేపు కూర్చోమని. నిండా పోస్తే తాగి లేవమని. ఎర్మురత్ కప్పు పక్కకు నెట్టేశాడు.

"ఎవరు చెప్పారు నీకీ చెత్తంతా? పనీపాటా లేని ఏ ముసలమ్మ?"

చెప్పనని మాటిచ్చింది గనక కర్లిగా రొట్టెల పళ్ళెం ముందుకు జరిపింది.

"ఈ ముసలమ్మే" అంది అత్తగారు బల్జాన్, గుర్రపు మాంసం కోస్తున్న కత్తి ఆపకుండా. "గిన్నె పట్టుకుని ఆ తలుపు ముందు నిలబడ్డాను. ఏడేళ్ళు నాకు. మా అక్క నా పక్కనే కూలబడింది. మళ్ళీ లేవలేదు."

"మరి ఆ ఇంటికే కోడలిగా వచ్చావుగా అమ్మా?" అన్నాడు ఎర్మురత్.

"నన్నడిగి చేశారా?"

మెయ్‌రాం తల్లి వంక చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

కర్లిగా ఆ కాగితాలు దగ్గరికి లాక్కుని అంచులు సరిచేసింది.

"మీరడిగినట్టే పేరు వేస్తాను. దోస్‌బెర్గెన్ అని. పేజీల్లో ఒక్క అక్షరం మార్చను. సోమవారం అచ్చుకి ఇస్తున్నాను. విందుకి నేను రావడం లేదు."