రుమాలంత మొగులు

ఎండాకాలం జహీరాబాద్ బజారులో పని అంతా నీడ వెంబడి నడిచేది. పొద్దు జర ఎక్కగానే ముందు కుక్కలు లేచేవి. గురులింగప్ప అల్లం దుకాణం అరుగు కింద నుంచి ఎదురుగా ఉన్న చంద్రప్ప బట్టల దుకాణం కిందికి పోయి పడుకునేవి. వాటి వెనుక మొగుడంపల్లి నుంచి వచ్చిన బండ్ల ఎడ్లు జరిగేవి. విత్తనపు అల్లం ఏరే ఆడవాళ్లు గోనెసంచులతో సహా జరిగేవారు. ఆఖరుకు దుకాణదారులూ బేరం మాటల్ని సగంలో ఆపి గద్దె జరుపుకునేవారు.

అటువంటి వేళ జగన్‌మోహన్ బజారుకు వచ్చాడంటే చూడాలె ఆ సంబరం!

"బాబూ, జర ఈడ కూసో! చాయ్ తాగి పో!"

"ఏయ్, నిన్న మీ దిక్కే కూసున్నడు గద! ఇయ్యాల మా దిక్కు!"

రామ్‌కిషన్ పటేలు కొడుకు జగన్‌మోహన్. అతని నెత్తి మీది మబ్బు గూడుబండి పైకప్పంత ఉండేది. మబ్బును మా వైపు మొగులంటారు లెండి. అతను ఎక్కడ కూర్చుంటే అక్కడ పది మందికి చల్లన.

మిడిల్ పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు పిల్లల నెత్తిన మబ్బు వచ్చేది. మార్కులు ఎంతో మబ్బు అంత. మెట్రిక్ ఫలితాలొస్తే దానికి ఇంకొంత కలిసేది, లేకుంటే ఉన్నదే ఉండేది. తప్పిన పిల్లలకు ఏమీ వచ్చేది కాదు. వాళ్ల తల్లులు నెత్తికి తువ్వాల చుట్టి పంపేవారు. మామిడికి పూత వచ్చినట్లు, గొర్రెకు ఉన్ని వచ్చినట్లు, పరీక్ష రాసిన పిల్లలకు మబ్బు వస్తుంది. అందులో అడగడానికేముంది? నౌకరీ ఇచ్చేవాళ్లు ముందు పైకి చూసేవారు, తర్వాతే మనిషిని చూసేవారు.

ఇక గురులింగప్ప చిన్నబిడ్డ సంగమ్మ సంగతి. ఆమె మబ్బు రుమాలంత. అదీ, ఉతికి ఆరేస్తే ముడుచుకుపోయిన రుమాలు. బీదరులో మేనత్త ఇంట్లో ఉండి మెట్రిక్ దాకా చదివినా, అది వేలెడు కూడా సాగలేదు. పిల్లకు తెలివి లేక కాదు. ఒక ప్రశ్న పట్టుకుందంటే దాన్ని వదలదు, అదీ చిక్కు. గుండె రక్తాన్ని ఎట్లా తోస్తుంది అని అడిగితే, అసలు ఆ మొదటి తోపు ఎవరు తోశారా అని ఆలోచించుకుంటూ కూర్చునేది. అంతలో గంట కొట్టేవారు. మిగిలిన ప్రశ్నలు తెల్లకాగితంలాగే ఉండిపోయేవి.

ఆమెకు ఒక అక్క ఉండేది, చెన్నమ్మ. న్యాల్‌కల్‌లో శరణప్పకిచ్చి చేశారు. మొదటి కాన్పు కష్టమైంది. తోడుగా ఉందామని పోయిన సంగమ్మే జహీరాబాద్ దవాఖానకు కబురు పంపి డాక్టరు అమర్నాథ్‌ను పిలిపించింది. ఆయన బండి దిగేసరికి చెన్నమ్మ అత్త బసమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"మొగోన్ని లోపటికి ఎట్ల రానిస్తం? మా ఇంట్ల అసుంటి రివాజు లేదు."

పాపం డాక్టరు ఏం చేస్తాడు? గోడకు ఇవతల కూర్చుని, ఇట్లా పట్టండి, అట్లా తిప్పండి అని గొంతు పోయేదాక చెప్పాడు. లోపల సంగమ్మ అక్క చెయ్యి పట్టుకుని ఉంది. గోడ అవతలి నుంచి మాట వచ్చింది గానీ చెయ్యి రాలేదు. చెన్నమ్మ దక్కలేదు, బిడ్డా దక్కలేదు.

ఆ తర్వాత సంగమ్మ రోజూ పొద్దున దవాఖానకు పోవడం మొదలుపెట్టింది. పట్టీలు చుట్టేది, సీసాలు కడిగేది, మిగిలిన పొద్దంతా డాక్టరు పుస్తకాలు ముందేసుకుని కూర్చునేది. అయినా మబ్బు పెరగలేదు. మబ్బుకు పరీక్షతో పని గానీ చదువుతో పనేముంది?

పంతొమ్మిది వందల నలభయ్యో సంవత్సరం ఎండాకాలంలో ఒకరోజు డాక్టరు అమర్నాథ్ చెమటలు తుడుచుకుంటూ అల్లం దుకాణానికి వచ్చాడు. అదే వేళకు రామ్‌కిషన్ పటేలు, చంద్రప్ప అక్కడే ఉన్నారు. జగన్‌మోహన్ ఉన్నాడు కాబట్టే వాళ్లూ ఉన్నారనుకోండి.

"గురులింగప్పా, పట్నంల డాక్టరీ బడికి ఈసారి సిఫారసులు నడవయి. పరీక్ష పెడుతున్నరు. ఆడపిల్లలను గూడ తీసుకుంటరంట. సోమవారం రైలుకు పేర్లు పోవాలె. జగన్‌మోహన్ పేరు రాస్తున్న. మీ సంగమ్మ పేరు గూడ రాస్త."

గురులింగప్ప ఏరుతున్న అల్లం దుంప చేతిలోనే ఉండిపోయింది.

"డాక్టరు సాబ్, మీరు పైకి చూసే మాట్లాడుతున్నరా?"

చంద్రప్ప ఊరుకుంటాడా! "గా మొగులు ఏసుకొని పట్నం పోతే, రైలు దిగంగనే ఎవడో ఒకడు గుంజుకొని ముక్కు తుడుసుకుంటడు."

అందరూ నవ్వారు. జగన్‌మోహన్ మాత్రం నవ్వలేదు, తల వంచుకున్నాడు. అతను తల వంచితే మబ్బు కూడా వంగింది, చంద్రప్ప కాళ్ల మీద ఎండ పడింది.

"మిడిల్ల పెద్ద మొగులొచ్చినోడు డాక్టరీ పరీక్ష గూడ రాస్తడు, చిన్న మొగులోడు రాయడు. అంతే గద సాబ్?" అన్నాడు రామ్‌కిషన్ పటేలు.

డాక్టరు గద్దె అంచున కూర్చున్నాడు. "నాతోని చదివినోళ్లను యాద్ చేసుకుంటే, పెద్ద మొగులోళ్లు శానమంది మంచిగనే రాసిన్రు. అబద్ధమెందుకు చెప్పాలె? కని అందరు కాదు. చిన్న మొగులోళ్లల్ల గూడ కొందరు రాసిన్రు. మొగులు చూసి సగం మాట చెప్పొచ్చు పటేలా. తక్కిన సగం పరీక్ష అయినంకనే."

"ఆ తక్కిన సగం మీద నేనెట్ల ధైర్యం చెయ్యాలె సాబ్?" గురులింగప్ప చేతిలోని దుంపను సంచిలో పడేశాడు. "ఒక బిడ్డను న్యాల్‌కల్ తోలి పోగొట్టుకున్న. ఉన్న ఒక్కదాన్ని పట్నం తోలి నవ్వులపాలు చెయ్యన్నా?"

సంచి మూతి కట్టి, అన్నానికి ఇంటికి లేచాడు.

మధ్యాహ్నం ఇంట్లో అతని భార్య శివమ్మ జొన్నరొట్టె వడ్డిస్తూ సంగతి విన్నది. పొయ్యి ముందు నుంచి కదలకుండానే అడిగింది.

"పోయిన మిరుగం కార్తెల ఊరంత కమ్మింది గద మొగులు. దాన్ని చూసి పెసర్లు ఏసినవ్. ఏమైనయి?"

"ఏమైతయి. వాన పడక సీమలు తిన్నయి."

"మొగుడంపల్లి దిక్కు గొంగడి ముక్కంత లేసింది, అదేం చేసింది?"

"దంచింది," అన్నాడు గురులింగప్ప రొట్టె వైపు చూస్తూ.

"ఆకాశంల మొగుల్ని నమ్మి ఏటేటా ఇత్తనం మాడగొట్టుకునే మనిషివి! బిడ్డ నెత్తి మీది మొగులు దగ్గరికొచ్చేసరికి పంచాంగం చదువుతున్నవా?"

"అది వేరే, ఇది వేరేనే."

"ఏం వేరే? ఎంత పెద్దగుందో అందరు చూస్తరు. ఏమున్నదో ఎవరన్న చూసిన్రా? రోజు పొద్దుగాల దాని దిండు ఎండకేస్త నేను. ఎందుకేస్తవే అని ఒక్కనాడన్న అడిగినవా?"

గురులింగప్ప రొట్టె సగంలోనే లేచాడు. వసారాలో సంగమ్మ గోడకు ఆనుకుని చదువుకుంటోంది. మబ్బు ఆమె పాపిట మీద, గూటికొచ్చిన పావురంలాగా కూర్చుని ఉంది. దగ్గరి నుంచి చూస్తే తెల్లగా లేదు. మినపపొట్టు రంగు. ఇన్నేండ్లూ తను కొలత చూశాడు గానీ రంగు చూడలేదు.

చెయ్యి పైకెత్తి అందులో పెట్టాడు.

చల్లగా తగిలింది. బాయిలో నుంచి అప్పుడే చేదిన నీళ్ల చల్లదనం. చెయ్యి తీస్తే ముంజేతి దాకా తడి, వేళ్ల కొసల నుంచి బొట్లు. తొలకరికి తడిసిన మన్ను వాసన వసారా అంతా నిండింది.

"ఎప్పటిసంది బిడ్డా ఇట్ల?"

"అక్క పోయినప్పటిసంది అప్పా. చదివినకొద్ది బరువెక్కుతది. పెద్దగయితె అయితలేదు."

గురులింగప్ప ఆ చెయ్యి తుడుచుకోలేదు. అట్లాగే పట్టుకుని మిట్టమధ్యాహ్నపు ఎండలో బజారుకు నడిచాడు. చంద్రప్ప దుకాణం ముందు నిలబడి చెయ్యి చాపాడు.

"ముక్కు తుడుసుకుంటరన్నవు గద చంద్రప్పా? రా, తుడుసుకో. జర పైలం, మునుగుతవ్."

సోమవారం రైలుకు రెండు పేర్లూ పోయాయి.

పరీక్షకు పట్నం పోయే రోజు ఒకే పెట్టెలో ఎక్కారు గురులింగప్ప, సంగమ్మ, జగన్‌మోహన్. జగన్‌మోహన్ మబ్బు లోపలికి పట్టక రైలు పైన వచ్చింది. తంతి తీగలకు తట్టుకుంటూ, అక్కడక్కడ ఒక పింజను వదిలేస్తూ వచ్చింది. సంగమ్మది కిటికీలో నుంచి లోపలికొచ్చి ఒళ్లో పడుకుంది. ఆ పెట్టెలో ప్రయాణం చేసినవాళ్లందరికీ ఆ పూట ఒకే కల వచ్చిందని చెప్పుకుంటారు, ఎవరో తమ నుదుటి మీద తడిబట్ట వేస్తున్నట్లు.

"నాకు భయమైతుంది సంగమ్మా," అన్నాడు జగన్‌మోహన్ మెల్లగా.

"నీకేంది ఫికర్? అంత మొగులున్నది!"

"అదే ఫికర్. నేను తప్పితే బజారంత ఎండకొస్తది."

డాక్టరీ బడి వాకిట్లో పెద్ద బిళ్ల తగిలించుకున్న జవాను అందరినీ ఆపాడు. "మబ్బులను బయట్నే వదలాలె. లోపలికి మనుషులే పోవాలె. ఇక్కడ కొత్త పరీక్ష, కొత్త లెక్క."

నాందేడు నుంచి, గుల్బర్గా నుంచి, ఓరుగల్లు నుంచి వచ్చిన పిల్లలంతా మబ్బులను వాకిట్లో వదిలారు. బీదరు పిల్లవాడొకడిది డేరా అంత ఉంది. అది వాకిలంతా కమ్ముకుంటే, వాన వస్తుందనుకుని ఆ చుట్టుపక్కల ఇండ్లవాళ్లు ఆరేసిన బట్టలు తీసుకుపోయారట. గురులింగప్ప గోడ పక్కన చెప్పుల మీద కూర్చుని, ఆ గుంపులో తన బిడ్డ రుమాలును వెతుక్కున్నాడు. కనిపించలేదు.

లోపల ప్రశ్నలు కొద్దిగానే ఉన్నాయి, సమయం చాలా ఇచ్చారు. సంగమ్మ మొదటి ప్రశ్న చదివింది. "రోగిని చూడకుండా, ముట్టుకోకుండా, మాట మాత్రమే విని వైద్యుడు ఏమేమి తెలుసుకోగలడు? ఏమి తెలుసుకోలేడు?"

ఆమెకు న్యాల్‌కల్ గోడ కనిపించింది. గోడ అవతలి గొంతు వినిపించింది. తన అరచేతిలో అక్క చెయ్యి మెల్లమెల్లగా చల్లబడటం మళ్లీ తెలిసింది. ఆ చేతికి తెలిసినవీ, ఆ గొంతుకు తెలియనివీ ఒక్కొక్కటే రాసింది. ఆ తర్వాతి ప్రశ్నలకు ఆ ఊపే దారి చూపింది. గంట కొట్టేసరికి, పుట్టి బుద్ధెరిగినంక మొదటిసారి, ఆమె కలం ముందే ఆగి ఉంది.

బయటికొచ్చాక పిల్లలంతా ఎవరి మబ్బు ఏదో తేల్చుకోలేక తగవు పడ్డారు. సంగమ్మది మూలన, నీళ్ల గోలెం వెనుక దొరికింది. ఎవరూ పట్టించుకోని జామమొక్క ఒకటి అక్కడ వాడిపోయి ఉంటే, దాని మీద వంగి బొట్టుబొట్టుగా రాలుతోంది.

ఫలితాలు డాక్టరు అమర్నాథ్ స్వయంగా బజారుకు వచ్చి చదివాడు. పెద్ద మబ్బులవాళ్లు చాలామంది గెలిచారు, మబ్బుల మాట పూర్తిగా తప్పిపోలేదు. జగన్‌మోహన్ మంచిగానే గెలిచాడు. డేరా అంత మబ్బున్న బీదరు పిల్లవాడు మాత్రం తప్పాడు. సంగమ్మ పేరు కింది నుంచి వెతికితే తొందరగా దొరికింది, అంతే. కానీ దొరికింది!

మబ్బు ఇప్పుడైనా పెద్దదవుతుందేమో అని బజారంతా ఆమె నెత్తి వైపు చూసింది. అవలేదు. జగన్‌మోహన్ పట్నం పోయాక దుకాణాల ముందు నీడ పోయింది, దుకాణదారులు తాటికమ్మల పందిరి వేసుకున్నారు. ఇప్పటికీ 'జగన్ పందిరి' అంటే వెనుకటివాళ్లకు తెలుస్తుంది.

ఐదారేండ్లు గడిచాయి. ఒక ఎండాకాలం పొద్దున న్యాల్‌కల్ నుంచి బండి వచ్చింది. శరణప్ప రెండో పెండ్లి చేసుకున్నాడు. ఆ పిల్లకు ఇప్పుడు నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది. సంగమ్మ అప్పటికి చదువు ముగించుకుని తన ఊరి దవాఖానకే వచ్చి ఉంది. సంచి తీసుకుని బండెక్కింది. గురులింగప్ప తోడు పోయాడు. ముసలివాడైన డాక్టరు అమర్నాథ్ కూడా, ఎవరూ పిలవకుండానే, ఎక్కి కూర్చున్నాడు.

అదే ఇల్లు. అదే గడప. బసమ్మ నిలబడి ఉంది. సంగమ్మ ముఖం చూసింది, ఆ ముఖంలో చెన్నమ్మ ముక్కూ చెన్నమ్మ కండ్లూ ఉన్నాయి. బసమ్మ గడప మీద నుంచి పక్కకు జరిగింది.

సంగమ్మ లోపలికి పోయింది. మబ్బు పోలేదు, అలవాటు కొద్దీ బయటే ఆగి ఇంటి పైకప్పు ఎక్కింది. డాక్టరు అమర్నాథ్ పోయినసారి కూర్చున్న చోటే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఈసారి ఆయన గొంతుకు పని లేదు. లోపల చేతులున్నాయి.

చుట్టూ నిప్పులు కురిసే ఎండ. చేలల్లో జొన్న కొయ్యకాళ్లు ఏరుతున్న ఆడవాళ్లు నడుం ఎత్తి చూశారు. ఊరు ఊరంతా ఎండ, ఒక్క శరణప్ప ఇంటి మీద మాత్రం సన్నగా వాన. గూన పెంకుల మీద నుంచి జారి, చూరు వెంట దారాలు దారాలుగా దిగుతోంది.

చాలాసేపటికి లోపల నుంచి కేరుమని వినిపించింది. తర్వాత తల్లి గొంతు, నీళ్లు అడుగుతూ.

బసమ్మ బయటికొచ్చింది. చూరు కింద నిలబడి చెయ్యి చాపింది. అరచెయ్యి నిండి కారేదాక అట్లాగే పట్టుకుంది. తర్వాత గోడ పక్కన కూర్చున్న గురులింగప్ప వైపు చూసింది.

"సంగమ్మదేనా తమ్మీ ఈ మొగులు?"

గురులింగప్ప లేచి వచ్చి, తన చెయ్యి కూడా వానలో పెట్టాడు.

"నా ఇద్దరు బిడ్డలది అక్కా," అన్నాడు.