టూటీ సీసాలు

అగ్రికో కాలనీలో డార్కస్ టీచరమ్మ గారి ఎర్ర కారు చచ్చిపోయిందని బుధవారం పొద్దున్న చందు తేల్చి చెప్పాడు. చందు పెద్ద సర్వీసు సెంటర్లో ఇంజనీరు. డిప్లొమా చదివాడు. మెడలో బిళ్ళ వేసుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, చేతికి చుక్క నూనె అంటకుండా చావు కబురు చెప్పగల మొనగాడు. పక్కన నిలబడ్డ సవరయ్యకి అతని మాటకన్నా ఆ శుభ్రమైన వేళ్ళే ఎక్కువ మంట పెట్టాయి.

సవరయ్యది బాగ్‌బేరాలో, రైలు యార్డు గోడవారన, రేకుల షెడ్డు. ఏడో తరగతిలో బడి మానేసి, స్కూటర్ల కింద పడుకునే పెద్దవాడయ్యాడు. ఇప్పుడు యాభై రెండు. ఆ స్కూటర్లూ పోయాయి, వాటిని తొక్కినవాళ్ళూ పోయారు. వచ్చిన కొత్త బళ్ళు తాళం తిప్పడానిక్కూడా కంప్యూటర్ని అడుగుతాయి. "కాయితం లేనోడి సేతికి పనొచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే" అని టీ కొట్టు దగ్గర రోజూ అనేమాటే. వినేవాళ్ళు విసిగిపోయినా అతను విసగలేదు.

అలాంటివాణ్ణి నమ్మి ఇంటి కారు అప్పగించింది ఊరు మొత్తమ్మీద టీచరమ్మ ఒక్కతే. ఒకప్పుడు అతనికి లెక్కలు చెప్పిన మనిషి.

ఆ కారు మామూలు కారు కాదు. టీచరమ్మ భర్త ఎబెనేజర్ సారు ఓడల్లో ఇంజనీరుగా చేసి, దాన్ని జపాన్ నుంచి తెప్పించుకున్నాడు. అందులో పిస్టన్లుండవు. రెండు గదులు, ఒక్కో గదిలో మూడు మూలలున్న ఇనపముక్క ఒకటి గిరగిరా తిరుగుతుంది. రోటరీ ఇంజనంటారు. సారు బతికుండగా సాయంత్రాలు నది వారనున్న మెరైన్ డ్రైవ్ రోడ్డెక్కి, ఇంజను చుట్లు చూపే సూది తొమ్మిది వేలు తాకి లోపల బజరు కుయ్యిమనేదాకా తొక్కేవాడు. "పెద్దాయన ఇంజన్ని సంపేత్తన్నాడు" అని సవరయ్య ప్రాణం ఉసూరుమనేది.

రెండేళ్ళ కిందట సారు పోయాడు. అరవయ్యారేళ్ళ టీచరమ్మ, కారు అమ్మమన్న చుట్టాల నోళ్ళు మూయించి, డ్రైవింగు నేర్చుకుంటానంది. నేర్పింది సవరయ్యే.

"రెండో గేరు దాటకండి టీచరమ్మా. సూది మూడు వేలు దాటనీకండి. ఇంజనంటే పసిపిల్లలాటిది" అన్నాడు.

ఆమె బైబిలు వాక్యంలా పాటించింది. ఆదివారం చర్చికి అర మైలు, పల్లకీ మోసినట్టు. సోమవారం కడగడానికి షెడ్డులోంచి రెండు గజాలు బయటికి, కడిగాక రెండు గజాలు లోపలికి. అంతే. ఇంజను వేడెక్కకుండానే ఆరిపోయేది.

ఇప్పుడు సెల్ఫు కొడితే ఊరికే తిరుగుతోంది తప్ప అంటుకోవడం లేదు.

"కార్బన్ ఆంటీ" అన్నాడు చందు లాప్‌టాప్ మూస్తూ. "లోపల మసి గట్టిపడిపోయింది. కంప్రెషన్ జీరో. ఇంజన్ ఖతమ్. యే గాడీ ఐసే నహీ చల్తీ. దీన్ని కొట్టి నడపాలి. ఇలా మెల్లగా నడపమని ఎవరు చెప్పారు?"

సవరయ్య వంగి చక్రం కేసి చూశాడు.

"ఎవరో చెప్పారులే" అంది టీచరమ్మ. సవరయ్య వైపు చూడనైనా లేదు.

"పెట్రోల్లో టూటీ కలిపేవారా?"

"సారు కలిపేవారు. ఆయన పోయాక ఎవరూ కలపలేదు."

సవరయ్యకి తేలు కుట్టిన దొంగ పనయింది. సారు పోయిన వారానికి కారు శుభ్రం చేస్తూంటే డిక్కీలో ఎనిమిది సీసాలు దొరికాయి. టూటీ నూనె. పాత స్కూటర్లకి పెట్రోల్లో కలిపి పోసే నూనె. కారులో స్కూటర్ నూనె ఏమిటని నవ్వుకున్నాడు. పెద్దాయనకి చివర్లో మతి చలించిందనుకున్నాడు. అడక్కుండానే సంచీలో వేసుకుపోయి తన ముసలి స్కూటరుకి పోసుకున్నాడు. రెండేళ్ళు అది జామ్మని తిరిగింది, ఇక్కడ ఇది ఊపిరాడక చచ్చింది.

చందు వెళ్ళిపోయాక టీచరమ్మ అంది: "శనివారం పాత ఇనుము కొనే కబాడీవాడి ట్రక్కు వస్తాది. చచ్చిన యంత్రాన్ని ఇంట్లో పెట్టుకుని ఏడవకూడదని సారే అనేవారు."

"రెండ్రోజులియ్యండి టీచరమ్మా. ఒకసారి నేను చూత్తాను."

"ఇంజనీరు చూశాడు గదా."

"ఆడు డబ్బాలోకి చూసినాడండి. ఇంజన్లోకి చూళ్ళేదు."

ఆమె పెదవి చివర కొంచెం కదిలింది. సరేనంది.

గురువారం ఏడింటికల్లా సవరయ్య ముందు చక్రం విప్పి, ప్లగ్గులు తీసి, టీచరమ్మని సీట్లో కూర్చోబెట్టి సెల్ఫు కొట్టమన్నాడు. తను రంధ్రం దగ్గర చెవి పెట్టాడు. మూడు మూలల ముక్క ఒక చుట్టు తిరిగితే మూడుసార్లు ఊపిరి వదలాలి. వెనక గది చక్కగా వదిలింది: ఫుస్, ఫుస్, ఫుస్. ముందు గది ఒక్కసారి ఫుస్‌మని, రెండుసార్లు నోరు మూసుకుంది. మళ్ళీ ఫుస్. మళ్ళీ రెండు దఫాలు ఉలుకూ పలుకూ లేదు.

స్పానరు వేసి చేత్తో తిప్పి చూశాడు. ఎక్కడా గరగరమనలేదు.

"ఇరిగినట్టు లేదండి" అన్నాడు. "ఆ ముక్క మూలల్లో సన్నటి పట్టీలుంటాయి. గోడని రాసుకుంటా గాలి పోకుండా ఆపాలి. ఒక పట్టీ మసిలో ఇరుక్కుపోనాది. ఒకటి ఇరుక్కుంటే దానికి రెండేపులా గాలి పోతాది. అందుకే రెండు ఊపిర్లు లేవు. మసి నానబెట్టి కరిగిత్తే బయటికొత్తాదేమో. ఖాయం చెప్పలేను."

"నీకివన్నీ ఎలా తెలుసు?"

"స్కూటర్లకీ మసి పడతాదండి. ముప్పై ఏళ్ళు గోకినాను."

"స్కూటరుకి మసి ఎప్పుడు పడతాది సవరయ్యా?"

"మెల్లగా తోల్తే పడతాదండి. నూనె మంచిది కాపోయినా…" అని ఆగాడు.

టీచరమ్మ సీట్లోంచి దిగి అతని ఎదురుగా నిలబడింది. నల్లబల్ల దగ్గర నిలబడ్డట్టే. గట్టిగా అడగలేదు. అసలు అడగనేలేదు. అదే భరించలేకపోయాడు.

"మెల్లగా తోలమన్నది నేనేనండి. ఆ టూటీ సీసాలూ నేనే అట్టుకెళ్ళిపోనాను. నా స్కూటరుకి పోసీసినాను. ఎనిమిదీ." నేల చూస్తూ అన్నాడు. "సారు బండిని నేనే సంపీసినాను టీచరమ్మా."

ప్రహరీ బయట కూరల బండివాడు అరుచుకుంటూ పోయాడు. ఆ అరుపు సందు చివరికి చేరాక ఆమె అంది:

"ఏడో క్లాసులో లెక్క తప్పితే ఏం చేయించేదాన్ని?"

సవరయ్య తలెత్తాడు. "తుడిపించీసి, మొదట్నించి మళ్ళీ సెయ్యమనేవోరండి."

"మరి చెయ్యి."

చేశాడు. సాక్చీ బజారుకెళ్ళి కార్బన్ క్లీనరు డబ్బా తెచ్చాడు. గేర్లు వాటంతటవే మారే కార్లలో పోసే ఎర్రనూనె కూడా తెచ్చాడు. మొదట క్లీనరు, తర్వాత ఎర్రనూనె, పసిపిల్లకి ఉగ్గు పోసినట్టు కొంచెం కొంచెంగా రంధ్రాల్లోంచి పోశాడు. గంటకోసారి స్పానరుతో పావు చుట్టు తిప్పాడు. సాయంత్రం వెళ్ళబోతూ, "పొద్దున్న తొందరగా వత్తాను, అందాకా నాన్తాది" అన్నాడు. ఆ రాత్రి అన్నం సగంలో లేచిపోయాడు. "ఏటయినాది నీకు?" అని భార్య వరహాలమ్మ అడిగితే, "మసి" అన్నాడు.

శుక్రవారం వచ్చేసరికి స్పానరు టీచరమ్మ చేతిలో ఉంది. చీర చెంగుకి నల్లటి మరక.

"తెల్లారగట్ల ప్రార్థనకి లేచాను. లేచినదాన్ని ఊరుకోవడం ఎందుకని రెండుసార్లు తిప్పాను" అంది. "తప్పా?"

"తప్పేటండి! సర్వీసు సెంటర్లో ఎవుడూ సెయ్యడు ఆ పని."

ప్లగ్గులు లేకుండానే సెల్ఫు కొట్టించాడు. రంధ్రాల్లోంచి తారులాంటి నల్లటి జిడ్డు చిమ్మి అతని చొక్కా మీదా మొహం మీదా పడింది. తుడుచుకోలేదు. చెవి దగ్గరగా పెట్టాడు. ఫుస్. తర్వాత మూగ. తర్వాత ఏదో తుమ్మబోయి ఆగినట్టు చిన్న శబ్దం. అంతే.

కొత్త ప్లగ్గులు బిగించాడు. బ్యాటరీ మార్చాడు. కొట్టమన్నాడు. కర్రకర్రకర్ర. లేదు. మళ్ళీ. లేదు. అయిదోసారికి తలుపు మీద చెయ్యి ఆన్చి కళ్ళు మూసుకున్నాడు. రేపు ట్రక్కు వస్తుంది. తాళ్ళు కట్టి పైకి లాగుతారు. టీచరమ్మ గేటు దగ్గర నిలబడి చూస్తుంది. ఒక్కమాట అనదు. ఆ తర్వాత ఈ సందులోకి తను ఏ మొహం పెట్టుకుని రావాలి?

"ఆపనా?" అంది ఆమె.

"ఒక్కసారండి. కాలు పూర్తిగా తొక్కిపెట్టి కొట్టండి. సారు తొక్కినట్టు."

కొట్టింది. కర్రకర్రకర్ర… ధడ్. ధడ్ ధడ్. ఇంజను ఒక్క ఊపున పెద్ద కేక పెట్టింది.

వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ వచ్చింది. వచ్చిందంటే అలా ఇలా కాదు. షెడ్డు మాయమైంది, జామచెట్టు మాయమైంది, సందంతా మాయమైంది. కుక్కలు మొరిగాయి. పక్కింటి సూరమ్మ కిటికీలు ధనధనా మూసేస్తూ, "ఓలమ్మోలమ్మా! ఈయేళ శుక్రోరం గదేటి, దోమల మందు బండి ఎందుకొచ్చినాదర్రా!" అని కేకలేసింది.

"దోమలు కాదు సూరమ్మొదినా, మసి పోతంది!" అని సవరయ్య పొగలోంచి అరిచాడు. అరుస్తూనే దగ్గాడు, దగ్గుతూనే నవ్వాడు. అతను నవ్వగా ఆ సందులో ఎవరూ చూసి ఉండరు. ఆ రోజు కూడా చూడలేదు, పొగలో కనపడక.

మొదట ఇంజను కుంటుతూ తిరిగింది. పది నిమిషాలయ్యేసరికి కుంటు సర్దుకుంది. ఇరవై నిమిషాలకి పొగ పలచబడి, కుట్టుమిషను తిరిగినట్టు ఒకే తీరున మోగింది. ముందు గది మూడు ఊపిర్లూ తీస్తోంది. అది చెవికి కాదు, తలుపు మీది అరచేతికి తెలిసింది సవరయ్యకి. గుండె మీంచి రోలు దింపినట్టయింది. పక్కకి తిరిగి మొహం తుడుచుకుంటే మసి ఇంకాస్త పూసుకుంది.

చక్రం బిగించి, ఇంజన్ ఆయిలు మార్చి, మెరైన్ డ్రైవ్ వైపు బయల్దేరారు. ఆమె నడుపుతోంది, అతను పక్క సీట్లో. ఖాళీ రోడ్డు రాగానే సవరయ్య గొంతు సవరించుకున్నాడు.

"టీచరమ్మా, నేను సెప్పినవన్నీ మర్సిపోండి. తొక్కండి."

"ఎంతవరకు?"

"బజరు మోగీవరకు."

ఆమె తొక్కింది. సూది మూడు వేలు దాటింది, అయిదు దాటింది, ఏడు దాటింది. లోపల మిగిలిన మసంతా వెనకనుంచి నల్లపొగగా ఒక్కసారి బయటికి కక్కి, కారు ముందుకి దూకింది. సువర్ణరేఖ నది పక్కన వెనక్కి ఉరికింది. కుయ్యిమని బజరు మోగింది.

టీచరమ్మ కాలు తీసింది. వేగం తగ్గాక, కళ్ళు రోడ్డు మీద ఉంచే అంది: "సీసాల సంగతి నాకు తెలుసురా."

సవరయ్య చప్పున ఆమె వైపు తిరిగాడు.

"నీ స్కూటరు మా సందు మలుపు తిరిగితే సారు కారు వాసనొచ్చేది. ఇంకో కంపెనీ నూనెకి ఆ వాసన రాదు. రెండేళ్ళూ వస్తా ఉంటే… ఏదో మనిషి వస్తున్నట్టుండేది. అడిగితే నువ్వు రావడం మానేస్తావు, వాసనా పోతాది. సారు కలపడం చూశాను గానీ, అది లేకపోతే కారు చస్తుందని నాకేం తెలుసు? సారు చెప్పలేదు. మొన్న ఆ కుర్రాడు అడిగాకే తెలిసింది."

"మరి నా పేరు ఆడికెందుకు సెప్పలేదండి?"

"నువ్వే చెబుతావని."

తిరుగుదారిలో పెట్రోలు బంకు దగ్గర ఆపించి, సవరయ్య తనే దిగాడు. టూటీ నూనె కావాలన్నాడు. ఈ రోజుల్లో అడిగేవాడు లేక, బంకు మనిషి లోపలికెళ్ళి దుమ్ము పట్టిన డబ్బాల కింద వెతికి నాలుగు సీసాలు తెచ్చాడు. సవరయ్య ఎర్ర కారు మూత తిప్పబోతూంటే పకపకా నవ్వాడు.

"అరే చాచా! స్కూటర్‌కా తేల్ కార్ మే? దిమాగ్ ఖరాబ్ హై క్యా?"

సవరయ్య తిట్టడానికి నోరు తెరిచాడు. నాలుక చివరిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది.

"మై భీ హసా థా భాయ్" అన్నాడు. "దో సాల్ పహలే." రెండేళ్ళ కిందట తనూ ఇలాగే నవ్వాడు మరి.

నూనె కొలిచి పోశాడు. మిగిలిన మూడు సీసాలూ తెచ్చి, డిక్కీలో సారు పెట్టుకున్న మూలనే నిలబెట్టి, ఒకదానికొకటి తగలకుండా మధ్యలో తన భుజం మీది గుడ్డ కుక్కాడు. ఎక్కి కూర్చోగానే టీచరమ్మ గేరు వేసింది.

"కబాడీవాడికి ఫోన్ చెయ్యాలి" అంది.

"నేను సేత్తానండి" అన్నాడు సవరయ్య. "బండి బతికినాదని ఆడికి నేనే సెప్పాల."