రెండు నిమిషాల చప్పుడు

యాభై మూడేళ్ళు నిండిన ఇల్లాలు, నేలకు జానెడు ఎత్తున పరుగెత్తే రెండు సీట్ల ఎర్ర కారు కొంటానంటే ఏ ఇంట్లోనైనా పెద్ద గొడవే అవుతుంది. ఆ ఇంట్లో కాలేదు. ఆమె భర్తకు గొడవ పడటం చేతకాదు. ముప్పై ఏళ్ళు లైబ్రరీలో పనిచేసిన మనిషి. అన్నానికి పిలిచినా, పక్క బల్ల దగ్గర ఎవరో చదువుకుంటున్నారన్నట్టే పిలుస్తాడు.

ఆ రోజు ఆయన పుస్తకంలోంచి తల ఎత్తి ఏదో అన్నాడు.

"ఏంటండీ?"

మళ్ళీ అన్నాడు.

"కాస్త గట్టిగా చెప్పండి. ఇది ఇల్లు, లైబ్రరీ కాదు."

"రోజూ అందులోనే వెళ్తావా అంటున్నా."

"రోజూ అందులోనే. డ్యూటీకి, కూరగాయలకి, అన్నిటికీ. కవరు కప్పి దాచుకుని, ఆదివారం తుడుచుకోడానికి కాదు."

ఆయన మళ్ళీ పుస్తకంలోకి తల వంచాడు. పేజీ మాత్రం తిప్పలేదు.

ఆమె పని చెవుల ఆస్పత్రిలో. గోడలన్నిటికీ స్పాంజి అతికించిన ఒక గది, దానికో గాజు కిటికీ. లోపల పేషెంటు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, చేతిలో బటన్ పట్టుకుని, ఆమెకు వీపు పెట్టి కూర్చుంటాడు. ఇవతల ఆమె మెషీన్ మీద మీట నొక్కి, లావు శబ్దాలతో మొదలుపెట్టి సన్న శబ్దాల దాకా ఒక్కోటే పంపిస్తుంది. వినిపిస్తే పేషెంటు బటన్ నొక్కాలి, ఇక్కడ ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. రోజంతా అంతే. ఇరవై ఆరేళ్ళుగా ఆమె ఆ నిశ్శబ్దంలో మునిగి తేలుతోంది. సాయంత్రం బయటికొచ్చి తన తెల్ల కారు స్టార్ట్ చేస్తే, అదీ లిఫ్టులాగా సద్దు లేకుండా కదిలేది. దాని మర్యాద చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది.

తొమ్మిదేళ్ళ వయసులో ఆమెకు వారం రోజులు జ్వరం వచ్చింది. మేడ మీద గదిలో, నుదుటి మీద తడిగుడ్డతో, ఎండలో తేలే దుమ్మును చూస్తూ పడుకునేది. మధ్యాహ్నం ఎక్కడో దూరంగా, కొండ రోడ్డు ఎక్కుతూ ఒక కారు వెళ్ళేది. కారు ఎప్పుడూ కనబడలేదు, చప్పుడే వినబడేది. ముందు అడుగున ఒక గురక, తర్వాత అది నెమ్మదిగా పైకి లేచి పాటయ్యేది. మలుపు దగ్గర ఊపిరి పీల్చుకుని మళ్ళీ అడుగు నుంచి మొదలు. మంచం కూడా దానితోపాటు కొండ ఎక్కుతున్నట్టుండేది. జ్వరం తగ్గాక చెబితే, కల కన్నావులే అని అమ్మ కొట్టిపారేసింది. నలభై నాలుగేళ్ళ తర్వాత, పోయిన నెల, ఆస్పత్రి ముందు రోడ్డు దాటుతుంటే ఆ గొంతు మళ్ళీ వినబడింది. వెలిసిపోయిన ఎర్ర కారు. వెనక అద్దం మీద 'అమ్మబడును' అని కాగితం, కింద ఫోను నంబరు. ఆమె నడిరోడ్డు మీద నిలబడిపోయింది. వెనకాల నాలుగు బళ్ళు హారన్లు కొట్టి, తిట్టి, పక్కనుంచి పోయాయి.

మెకానిక్ షెడ్డు నడిపే తమ్ముడు ఈ సంగతి విని పడీపడీ నవ్వాడు.

"అక్కా, స్పీడ్ బ్రేకరు కనబడితే దిగి బండిని మోసుకెళ్ళాలి, తెలుసా? కూరగాయలు ఎక్కడ పెడతావు?"

"బావ ఒళ్ళో."

"పాపం బావ. వద్దని అన్నా ఎవరికీ వినబడదు ఆయన గొంతు."

కానీ బండి చూడ్డానికి ఒప్పుకున్నాడు. అతనిదో పద్ధతి ఉంది. పాత బండి కొనేటప్పుడు ఇంజను రాత్రంతా ఆరి, చల్లగా ఉన్నప్పుడే వినాలంటాడు. వేడెక్కిన ఇంజను అబద్ధాలాడుతుందట. "అడుగు భాగం, బ్రేకులు, గేర్లు నేను చూసుకుంటా. చెవి మాత్రం నీది. చీమ చిటుక్కుమన్నా పట్టేస్తావు నువ్వు."

ఆ మాటకు పక్కనే ఉన్న భర్త అదోలా చూశాడు. రెండేళ్ళుగా ఆయన, పిలిస్తే పలకడం లేదని సణుగుతున్నాడు. సణిగినప్పుడల్లా ఆమె బీరువాలోంచి తన వినికిడి చార్టు తీసి చూపేది. ఏటా ఒక సెలవు రోజు ఆస్పత్రికి వెళ్ళి తన చెవులు తనే పరీక్షించుకునేది. గీత తిన్నగా, పాతికేళ్ళ పిల్లకున్నట్టు ఉండేది. "నా చెవులకేం రోగం లేదు, మీ నోటికే ఉంది," అనేది. రాతపూర్వకంగా ఉన్న దాన్ని లైబ్రేరియన్ కాదనలేడు కదా.

కారు ఓనరు రిటైరైన పళ్ళ డాక్టరు. డెబ్బై ఎనిమిదేళ్ళు. ఉదయం ఏడింటికి ముగ్గురూ వెళ్ళేసరికి గ్యారేజీ తలుపు తీసి, బనీను మీద కోటు వేసుకుని ఎదురుచూస్తున్నాడు. వీధంతా మంచు. తమ్ముడు ముందుగా బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూశాడు. చల్లగా ఉంది. తల ఊపాడు.

"ఎక్కడం బాగానే ఎక్కుతానమ్మా, దిగడానికే ఇద్దరు మనుషులు కావాలి," అన్నాడు డాక్టరు నడుం పట్టుకుని. "ఇరవై రెండేళ్ళు రోజూ క్లినిక్కుకి దీంట్లోనే. డిక్కీలో రెండు పుచ్చకాయలు పడతాయి. మూడోది కొనకూడదు, అంతే. ఇలాంటి బండిని దాచుకుంటే పాడవుతుంది. నడిపితేనే బతుకుతుంది."

తాళం తిప్పాడు. ఇంజను ఒక్కసారి దగ్గి లేచింది. ఆ చప్పుడు సిమెంటు నేలలోంచి, చెప్పుల్లోంచి ఆమె మోకాళ్ళ దాకా ఎక్కింది. ఆమె కళ్ళు మూసుకుంది. మేడ మీద గది, ఎండలో దుమ్ము, కొండ ఎక్కుతున్న మంచం. కల కాదే అమ్మా, చూడు, కల కాదు.

"చెప్పక్కా."

"ముత్యంలా ఉంది రా. ఒక్క చెడ్డ చప్పుడు లేదు."

తమ్ముడు బానెట్ వైపు వేలు చూపించాడు. "సరిగ్గా విను."

"విన్నాను."

"టిక్, టిక్, టిక్ మంటోంది కదక్కా." అతను నవ్వబోయాడు. అక్క ఆట పట్టిస్తోందనుకున్నాడు. ఆమె మొహం చూసి నవ్వు మానేసి, బావ వైపు తిరిగాడు. గోడ పక్కన నిలబడ్డ బావ మెల్లగా తల ఊపాడు.

"అదా," అన్నాడు డాక్టరు తేలిగ్గా. "చల్లగా ఉన్నప్పుడు రెండు నిమిషాలుంటుంది. ఆయిల్ పైకెక్కగానే పోతుంది. అది ఆగాకే బండి కదపాలి. ఆగకముందే తొక్కితే ఇంజను అరిగిపోతుంది. అది ఆగకుండా నేనెప్పుడూ బండి కదపలేదు."

డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషికి కూడా వినబడుతోంది. ఆమె వెళ్ళి బానెట్ మీదికి వంగి చెవి పెట్టింది. నిండుగా, వెచ్చగా ఆ గురక ఒక్కటే ఉంది. టిక్ మనేది ఏదీ లేదు. అది ఆగిపోయిన సంగతి కూడా ముగ్గురి మొహాలు చూసి తెలుసుకుంది.

"నువ్వు పొగగొట్టం వైపు నిలబడ్డావుగా, అందుకే," అన్నాడు తమ్ముడు. వాడికి అబద్ధం చెప్పడం చిన్నప్పటినుంచీ రాదు.

ఇంటికి వచ్చే దారిలో ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడినా తనకు తెలుస్తుందా అనుకుంది ఆమె, భయంగా. చార్టు ఎలా తిన్నగా వచ్చిందో ఆమెకు అప్పటికే అర్థమైంది. కుడిచేత్తో శబ్దం పంపేది, ఎడమచేత్తో బటన్ నొక్కేది. రెండు చేతులూ ఒకే మనిషివి. కుడిచెయ్యి ఎప్పుడు నొక్కుతుందో ఎడమచేతికి ముందే తెలుసు. చెవి వినకపోయినా చెయ్యి నొక్కేసేది. ఎంత గొప్పవాళ్ళనైనా వీపు తిప్పి కూర్చోబెట్టే మనిషి, తనకు తానే ఎదురుగా కూర్చుని కాపీ కొట్టింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఆ సాయంత్రం ఆస్పత్రి గదిలో ఆమె భర్తను మెషీన్ ముందు కూర్చోబెట్టింది. "ఒకే లెక్కన నొక్కకండి. ఒకసారి వెంటనే, ఒకసారి ఆలస్యంగా. నాకు అందకూడదు." లోపలికి వెళ్ళి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వీపు తిప్పి కూర్చుంది.

లావు శబ్దాలు వచ్చాయి. బావిలో ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు, ఒకదాని తర్వాత ఒకటి. బటన్ నొక్కింది. కొంచెం సన్నవి వచ్చాయి. నొక్కింది. తర్వాత ఏమీ రాలేదు. ఈయనకు మెషీన్ అర్థం కాలేదు కాబోలు అనుకుంది. ఇంకా ఎదురుచూసింది. స్పాంజి గోడలు ఆమెను నెమ్మదిగా దగ్గరికి తీసుకున్నాయి. ఎంతసేపైందో తెలియలేదు. విసుగొచ్చి వెనక్కి తిరిగింది.

గాజుకు అటువైపు ఆయన వేలు మీట మీదే ఉంది, గట్టిగా నొక్కిపెట్టి. ఆకుపచ్చ దీపం వెలగలేదు. ఆయన కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

బయటికొచ్చి ఆమె చార్టు గీసింది. లావు శబ్దాలుండే ఎడమవైపు తిన్నగా సాగిన గీత, సన్న శబ్దాలుండే కుడివైపుకు వచ్చేసరికి మెట్లు దిగినట్టు దిగిపోయింది.

"బండి వద్దులెండి," అంది. "వినడానికే కదా కొనాలనుకున్నది. ఈ చెవులకు అదెందుకు?"

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆమెకు ఎదురుగా కూర్చుని, ముప్పై ఏళ్ళలో మొదటిసారి గట్టిగా మాట్లాడాడు. "ఆ బండి చప్పుడు ఇందులో ఎక్కడుంటుంది?"

ఆమె కాగితం ఎడమ అంచు మీద వేలు పెట్టింది.

"నా గొంతు?"

"మీ గొంతులో లావు భాగమంతా ఇక్కడే, దాని పక్కనే. స, ష, త లాంటివి మాత్రం అదిగో, ఆ మెట్ల కింద. అందుకే మీరు మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు." అని ఆగింది. "రెండేళ్ళు మిమ్మల్ని తిట్టాను."

"పర్లేదు. నాకు వినబడింది," అన్నాడాయన. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "ఇక్కడ నీకు నిండుగా ఉంది. అది ఉన్నప్పుడే కొనాలి. రేపే కొందాం."

కొన్నారు. మర్నాటి నుంచి ఆ వీధిలో ఒక కొత్త అలవాటు మొదలైంది. ఎనిమిదింటికి ఆమె ఎర్ర కారులో కూర్చుని తాళం తిప్పుతుంది. భర్త టీ కప్పుతో మెట్లు దిగి వచ్చి, పక్క తలుపు తీసి, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా లోపలికి ముడుచుకుంటాడు. టిక్ టిక్ ఆమెకు వినబడదు కాబట్టి ఆయనే వినాలి. తల కొంచెం వంచి, పాత పుస్తకం అట్ట పరీక్షిస్తున్నంత శ్రద్ధగా వింటాడు. ఇద్దరి కింద ఇంజను గురక పెడుతుంటుంది. అద్దాలకు ఆవిరి పడుతుంది. ఇల్లూ వీధీ దూరంగా జరిగిపోయినట్టుంటుంది. రెండు నిమిషాలకు ఆయన వేలెత్తి, ఆమె వైపు తిరిగి, పెదాలు స్పష్టంగా కదుపుతూ, "ఆగింది. ఇక పద," అంటాడు. నానా తంటాలూ పడి దిగుతాడు. ఆమె కొండ రోడ్డు మీదుగా చుట్టు తిరిగి ఆస్పత్రికి వెళ్తుంది. దగ్గరి దారి ఒకటుందన్న సంగతి మరిచిపోయినట్టే నటిస్తుంది.

నెల తర్వాత ఆమె చెవి మిషన్లు వచ్చాయి. ఎంతమందికో అమర్చిన చేతులతో తనకు తానే అమర్చుకుంది. ఈసారి పక్కన ఇంకో నిపుణురాలిని కూర్చోబెట్టుకుని మరీ. మర్నాడు ఉదయం అవి పెట్టుకునే కారెక్కింది. భర్తకు ఇంకా చెప్పలేదు. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వినబడింది. కప్పులో చెంచా కదిలింది. గోడ మీద ఏదో పిట్ట సన్నగా అరిచింది. అది రోజూ అక్కడే ఉండేదా అని ఆశ్చర్యపోయింది. తాళం తిప్పింది.

నిండుగా ఇంజను లేచింది. టిక్ టిక్ కోసం ఊపిరి బిగబట్టి విన్నది. లేదు. మిషన్ సరిచేసుకుని మళ్ళీ విన్నది. ఇంజను కడిగిన అద్దంలా ఉంది. పక్కన భర్త మాత్రం తల వంచి, కనుబొమలు ముడిచి వింటూనే ఉన్నాడు. రెండు నిమిషాలయ్యాక వేలెత్తాడు.

"ఆగింది. ఇక పద."

ఆమె ఆస్పత్రి చేరగానే తమ్ముడికి ఫోను చేసింది. వాడు నీళ్ళు నమిలాడు. "అది మొదటి వారం సర్వీసుకి తెచ్చినప్పుడే బాగుచేసేశానక్కా. చిన్న పార్టు, మార్చేశా. బావే నీకు చెప్పొద్దన్నాడు. ఎందుకు బావా అంటే, పొద్దున్నే రెండు నిమిషాలు ఆవిడ పక్కన కూర్చోడానికి నాకింకో కారణం లేదురా అన్నాడు."

మర్నాడు ఎనిమిదింటికి ఆమె మిషన్లు చెవులకు పెట్టుకుని, వాటి మీదికి జుట్టు లాక్కుంది. ఆయన టీ కప్పుతో వచ్చి ముడుచుకుని కూర్చున్నాడు. తల వంచి వినడం మొదలుపెట్టాడు. ఆయన ఊపిరి తీసుకోవడం కూడా ఆమెకు వినబడుతోంది.

"ఆగిందా?" అని అడిగింది.

"ఉండు," అన్నాడాయన. "ఇంకా కొట్టుకుంటోంది."

ఆమె స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, అది ఆగేదాకా కూర్చుంది.