ముద్ద లేని చెంబునీళ్ళు

"నీ చేతుల్లో శుభ్రం లేదు. అందుకే నా కొడుకు రక్తానికి పురుగు పట్టింది," అంది అత్తగారు, ఆస్పత్రి కుళాయి దగ్గర మొగుడు మసాకో దుప్పటి ఉతుకుతున్న జియోనెతో.

ఆ చేతులు రోజంతా సబ్బునీళ్ళలోనే నానుతున్నాయి. కాలు విరిగి చేరిన అతనికి సెలైన్ సూది దారిన వార్డులోని క్రిమి ఒంట్లోకి దిగింది. మొదటి మందుకు లొంగలేదు, రెండోదానికీ లొంగలేదు. "ఇక ఒక్క మందే మిగిలింది. ఈ జ్వరం వచ్చినవాళ్ళలో సగంమంది దక్కరు. చేతులు కడగకుండా ఎవర్నీ అతన్ని ముట్టనివ్వకు," అంది డాక్టరమ్మ. ఎంత సణుగుడుమనిషైనా అతను జియోనెకు కావాలి.

ముట్టనివ్వకపోవడం ఎలా? సొంతూరు మాంగోచీ నుంచి రోజుకో బస్సెడు చుట్టాలు దిగుతున్నారు. రోగి చెయ్యి రెండు చేతులా పట్టుకుని ఊపితే గాని వాళ్ళకు పరామర్శ చేసినట్టుండదు. కాస్త చేతులు కడుక్కోమంటే పెదమామ కళ్ళెర్రజేశాడు. మసాకో మంచంలోంచే, "పెద్దవాళ్ళని మురికోళ్ళంటావా? నా పరువు తీస్తున్నావే," అని మూలిగాడు. ప్రాణం పోయినా సరే, మహానుభావుడికి పరువు దక్కాలి.

మర్నాడు మధ్యాహ్నం జియోనె చెంబూ బేసినూ సబ్బూ పట్టుకుని వార్డు గుమ్మంలో మోకరిల్లింది. వాళ్ళ ఇళ్ళల్లో కోడలు అలా చేతులు కడగడానికి కనిపించిందంటే వడ్డన మొదలవుతోందనే అర్థం. పెదమామ గబగబా చేతులు చాచాడు. వెనకే పరామర్శకొచ్చిన చర్చివాళ్ళు వరస కట్టారు. అందరూ మోచేతుల దాకా తోముకుని, రోగిని పలకరించి, వచ్చి బారుగా కూర్చున్నారు.

"ఎన్సిమా ఏదమ్మా?" అన్నాడు పెదమామ, మొక్కజొన్న సంకటి ముద్ద కోసం చూస్తూ.

"ఇంకా ఉడకలేదు, మామయ్యా."

మందు ఎక్కించిన పద్నాలుగు రోజులూ అది ఉడకలేదు. రోజూ కొత్తవాళ్ళే వస్తున్నారు కాబట్టి చెల్లిపోయింది. అత్తగారికి మాత్రం రెండోరోజే సంగతి అర్థమైంది. అయినా రోజూ చేతులు చాచింది.

మందు పనిచేసింది. ఇల్లు చేరిన రోజున మసాకో కుర్చీలో కాలు బారచాపి, "చర్చివాళ్ళ ప్రార్థనే నన్ను బతికించింది," అంటూ పళ్ళెం ముందు చేతులు చాచాడు.

జియోనె మోకరిల్లలేదు. చెంబు అతని చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని, తన చేతులు చాచింది.

"నా చేతుల్లో శుభ్రం లేదటగా. నీళ్ళు నువ్వు పొయ్యి," అంది.