లచ్చమ్మ జడకు ఇరవై నాలుగు నిమిషాలు

శ్రుతి వస్తుందని ముందురోజే ఫోన్ వచ్చింది. మల్లీశ్వరి చేసిన తప్పల్లా దాన్ని చుట్టాల కబురులా వినడమే.

నాగర్‌కర్నూల్ దాటాక కొల్లాపూర్ రోడ్డు పక్కనున్న ఆ వృద్ధాశ్రమంలో పద్నాలుగు మంది ముసలివాళ్లు, అక్కడే ఉండి వాళ్లను చూసుకునే ముగ్గురు ఆయమ్మలు. అందరిలోకీ పాత ఆయమ్మ మల్లీశ్వరి. చుట్టాలొస్తున్నారంటే వాకిలి అలికి, ముగ్గేసి, పిల్లలకు తలంటి కూర్చోబెట్టే ఇంట్లో పెరిగిన మనిషి. అందుకే నాలుగింటికే లేచి, మిగతా ఇద్దర్నీ లేపింది. అందరికీ స్నానాలు చేయించి, పక్కబట్టలు మార్చి, తినిపించాల్సిన వాళ్లకు తినిపించి, తొమ్మిదింటికల్లా పద్నాలుగు మందినీ వరండాలో కుర్చీల్లో దింపారు. ఇద్దరు పడితే తప్ప లేవని అంకయ్య కూడా తెల్లచొక్కా తొడుక్కుని పెళ్లిపెద్దలా కూర్చున్నాడు.

శ్రుతి ఆశ్రమం నడిపే ట్రస్టు పంపిన మనిషి. ఎవరికి ఎంత సాయం కావాలో, దానికి ఎంత సమయం పడుతుందో కొలిచి, ఎంతమంది ఆయమ్మలు ఉండాలో రాసివ్వడం ఆమె పని. చేతిలో ఒక ఫారం, సెల్‌ఫోన్‌లో గడియారం. ఎవరి పని వాళ్లే చేసుకుంటే సున్నా. ఆయమ్మ చెయ్యి పడితే ఎన్ని నిమిషాలో అన్ని.

"తాతా, స్నానం మీరే చేస్తారా?" అని అడిగింది.

అంకయ్య మీసం సవరించుకున్నాడు. "నాకేమైంది బిడ్డా? నేనే చేస్త." పరాయి ఆడపిల్ల ముందు పాపం ఇంకేమని చెబుతాడు?

పక్క కుర్చీలోని లచ్చమ్మ అడగకముందే అందుకుంది. "నా పని నేనే చేసుకుంట. నేనెవలకూ బరువు గాను."

మిగతావాళ్లదీ అదే పాట. మల్లీశ్వరి పక్కనే నిలబడి, పరీక్ష పాసైన పిల్లల తల్లిలా మురిసిపోయింది కూడా.

సాయంత్రం శ్రుతి లెక్క తేల్చింది. "ఇద్దరు ఆయమ్మలు సరిపోతారక్కా."

మూడో మనిషి రేణుకమ్మ. తిమ్మాజిపేట నుంచి వచ్చి ఏడాది కాలేదు. ఇక్కడ పొమ్మంటే యాభై ఏళ్ల వయసులో ఆమెకు తొక్కడానికి గడప లేదు. తన చేతులతో తానే ఆమెను బయటికి నెట్టినట్టయింది మల్లీశ్వరికి. ఒళ్లు దాచుకోకుండా పనిచేయడం కూడా నేరమే అన్నమాట!

"తప్పు నాదే మేడం," అంది. "మీరొస్తున్నరని ముందే అంత చేసి కూసోబెట్టిన. రేపు పొద్దుగాల ఐదింటికి సూడుండ్రి. గప్పుడు రాసుకోండ్రి."

వనపర్తి వెళ్లిపోవాల్సిన శ్రుతి ఫారం వంక ఒకసారి, మల్లీశ్వరి ముఖం వంక ఒకసారి చూసి, ఆ రాత్రికి అక్కడే ఉండిపోయింది.

తెల్లారి ఐదింటికి గడియారం మొదలైంది. అంకయ్యను లేపి నడిపించడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది. స్నానాల గది తలుపు మాత్రం మల్లీశ్వరి మూసేసింది. శ్రుతి బయటే నిలబడి నిమిషాలు రాసుకుంది. ముప్పై ఐదు. ఒకరి తర్వాత ఒకరుగా నిన్నటి సున్నాలన్నీ చెరిగిపోతూ వచ్చాయి. అయినా శ్రుతి కూడి చూస్తే మూడో మనిషికి ఇంకా ఇరవై నిమిషాలు తక్కువ పడ్డాయి. మిగిలింది లచ్చమ్మ ఒక్కతే. ఆమె పని ఆమే చేసుకుంటుందని ఊరంతటికీ తెలుసు.

లచ్చమ్మ వేళ్లు ఎప్పుడో వంకర్లు తిరిగాయి. అయినా రోజూ తన జడ తానే వేసుకుంటుంది. మల్లీశ్వరి ఎదురుగా అద్దం పట్టుకుని కూర్చుంటుంది. దువ్వెన కిందపడితే తీసి ఇస్తుంది. అంతకుమించి వేలు పెట్టనివ్వదు ముసలమ్మ.

రేణుకమ్మ సంగతి లచ్చమ్మ చెవిన కూడా పడింది. దువ్వెన తీసి మల్లీశ్వరికి అందించింది.

"నువ్వే దువ్వు బిడ్డా. నాకు చాతగాదని రాసుకోమను."

లచ్చమ్మ ఆశ్రమానికి వచ్చిన ఆరేళ్లలో ఆ నోట ఆ మాట రావడం అదే మొదలు. మల్లీశ్వరికి కళ్లు నిండాయి. ఆ ఆత్మగౌరవం కాపాడడానికే కదా ఇన్నాళ్లూ అద్దం పట్టింది! దువ్వెనను తిరిగి ముసలమ్మ చేతిలోనే పెట్టింది.

"నీ జడ నువ్వే ఏసుకో అవ్వా." శ్రుతి వైపు తిరిగింది. "గడియారం పెట్టుండ్రి మేడం. నేను దువ్వితే నాలుగు నిమిషాలే. ఆమె ఏసుకునేదాంక నేను ఈడికెల్లి కదల. నా కూసునుడు గూడ పనే."

శ్రుతి గడియారం నొక్కింది. దువ్వెన మూడుసార్లు కిందపడింది. ఒకసారి పాయలన్నీ విడిపోతే లచ్చమ్మ మళ్లీ మొదటికొచ్చింది. ఉతికిన దుప్పట్ల బకెట్‌తో గుమ్మంలో ఆగిన రేణుకమ్మ బకెట్ దించడం కూడా మరిచి చూస్తూ నిలబడింది. చివర రిబ్బను ముడి పడేసరికి ఇరవై నాలుగు నిమిషాలు.

శ్రుతి సున్నా కొట్టేసి ఇరవై నాలుగు రాసింది. కింద ఖాళీలో "ఆయమ్మ తోడు కూర్చోవాలి" అని రాసింది. మరోసారి కూడి, తలెత్తి, "ముగ్గురు కావాలి," అంది.

గుమ్మంలో రేణుకమ్మ బకెట్ కింద పెట్టి కొంగుతో ముఖం తుడుచుకుంది.

లచ్చమ్మ జడను ముందుకు వేసుకుని, కొంచెం సిగ్గుపడింది. "మస్తుసేపు కూసోబెట్టిన నిన్ను. రేపట్సంది జర జల్ది ఏసుకుంట."

"జల్ది ఎందుకవ్వా," అంది మల్లీశ్వరి అద్దం తుడుస్తూ. "నిమ్మలంగనే ఏసుకో. రేణుకమ్మ ఉన్నది గద."