మైకులో పేర్లు

"ఈ ఆదివారం ఆరాధనకు రానివాళ్ళు..." అంటూ చర్చి మైకులో సంఘ పెద్ద యాకోబు పేర్లు చదవడం మొదలుపెట్టాడు. ఆ గొంతు మిరప చేలదాకా వినపడింది. మొదటి పేరు సువార్తమ్మదే.

"యేసయ్య శ్రమ దినాల్లో కూడా దేవుడికి ఒక్క గంట ఇవ్వలేని బతుకులు!"

కాయ కోస్తున్న సువార్తమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆమె కోస్తున్నది యాకోబు చేలోనే. నిన్న సాయంత్రం ఇంటికొచ్చి, "మబ్బు పట్టిందే, రేపు కోయకపోతే కాయంతా తడిసి తాలయిపోద్ది" అన్నది ఈ నోరే. ఆరాధన అయ్యాక వస్తామంటే, "దేవుడు అర్థం చేసుకుంటాడులే, మీరు పొద్దున్నే వచ్చేయండి" అన్నదీ ఈ నోరే.

పక్క సాళ్ళలో ఉన్న ఐదుగురి పేర్లూ వరసగా వచ్చాయి. అందరూ తలలు దించుకున్నారు. సువార్తమ్మ మాత్రం ఒడి నిండా కాయలతో గట్టెక్కింది. నడిచినంతసేపూ మైకు ఆమెను తిడుతూనే ఉంది.

మట్టికాళ్ళతో చర్చిలోకి వెళ్ళి, యాకోబు ముందు ఒడి విప్పింది. ఎర్రటి కాయలు ఆయన తెల్లపంచె మీదుగా జారి పాదాల మీద పడ్డాయి.

"ఏందే ఇది, ఆరాధన మధ్యలో!"

"మా పేర్లు చదివారుగా పెద్దయ్యగారూ, మేం ఎవరి చేలో ఉన్నామో అది కూడా చదవండి."

సువార్తమ్మ మైకు తనవైపు తిప్పుకుని గొంతెత్తింది.

"చేలో ఉన్నవాళ్ళంతా వచ్చేయండే! పెద్దయ్యగారు దేవుడికి గంట ఇమ్మంటున్నారు!"